పొదుగుకొచ్చిన పెట్టతో పిల్లల్ని లేపడం ఎలా

గుడ్లు పెట్టడం ఆపేసిన పెట్ట గూట్లోంచి దిగదు. దగ్గరికెళ్తే ఈకలన్నీ ఉబ్బించి గొణుగుతుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. రొమ్ము కింద ఈకలు రాలిపోయి ఎర్రటి చర్మం కనిపిస్తుంది. రోజుకోసారి దిగి, కంపు కొట్టే పెద్ద రెట్ట వేసి, నాలుగు గింజలు మింగి, మళ్ళీ పరుగున వెళ్ళి కూర్చుంటుంది. పొదుగుకు రావడమంటే ఇదే. పగలంతా కూర్చుని పొద్దుగూకేసరికి మిగతా కోళ్ళతో పాటు చూరెక్కే పెట్టను మాత్రం నమ్మకండి. రెండు, మూడు రాత్రులు వరసగా గూటిని వదలకుండా ఉంటేనే దానికి గుడ్లు అప్పజెప్పండి. అప్పటిదాకా పనికిరాని గుడ్లు ఒకటో రెండో దాని కింద ఉంచండి.

అసలు పొదిగే పని పెట్టకి మనకంటే బాగా తెలుసు. ఎంత వేడి ఉండాలి, గుడ్డు ఎప్పుడు తిప్పాలి, అంచున చల్లబడిన గుడ్డును ఎప్పుడు లోపలికి లాక్కోవాలి, ఇవేవీ మనం నేర్పనక్కర్లేదు. మన పనంతా ముందూ, వెనకా. ముందు మంచి గుడ్లు, మంచి చోటు, పేలు లేని పెట్ట చూసుకోవాలి. తర్వాత కాకి నుంచి, తెగులు నుంచి పిల్లల్ని కాపాడుకోవాలి. మధ్యలో ఊరికే గంప ఎత్తి చూసేవాళ్ళ గుడ్లే ఎక్కువ మురుగుతాయి.

ఏ పెట్టను పెట్టాలి

ఇదివరకు ఒకసారైనా పిల్లల్ని లేపిన నాటు పెట్ట దొరికితే వేరే వెతకొద్దు. మొదటిసారి కూర్చునే పెట్ట కొన్నిసార్లు సగంలో లేచిపోతుంది, దానికి తక్కువ గుడ్లు పెట్టి చూడండి. మన గోదావరి జిల్లాల్లో పందెం జాతి పెట్టలు చాలా ఇళ్ళల్లో ఉంటాయి కదా, అవి పిల్లల్ని కాపాడడంలో గట్టివి, కుక్క మీదకైనా దూకుతాయి. కానీ ఒళ్ళు బరువు. అలాంటి పెట్ట కింద గుడ్లు ఎక్కువ పెడితే ఒకటీ రెండూ చితకడం ఖాయం, ఆ సొన మిగతా గుడ్లకి అంటితే అవీ చెడతాయి.

గ్రామప్రియ, వనరాజా లాంటి రకాలను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారుచేసింది. నాటుకోడి కంటే గుడ్లు బాగా ఎక్కువ పెడతాయి, కానీ పొదుగుకు రావడం మాత్రం చాలా అరుదు. కాబట్టి వాటి గుడ్లను నాటు పెట్ట కిందే పెట్టుకోవాలి. అలా లేచిన పిల్లలు పెద్దయ్యాక తల్లి పెట్టినన్ని గుడ్లు పెడతాయని ఆశ పెట్టుకోకండి. కూరకైతే బాగానే ఉంటాయి.

ఇప్పుడు మీకు పిల్లలు అక్కర్లేదు, పెట్ట పొదుగు మానాలి అంటే, అడుగున కూడా జాలీ ఉన్న బోనులో గడ్డి లేకుండా మూడు, నాలుగు రోజులు ఉంచి మేత, నీళ్ళు పెట్టండి. కింద నుంచి గాలి తగిలితే వేడి తగ్గి మానేస్తుంది. ముక్కులో ఈక గుచ్చడం, గాబులో ముంచడం లాంటి పాత పనులు వద్దు.

ఎప్పుడు

కార్తీకం నుంచి మాఘం దాకా పెట్టిన గుడ్లు మన దగ్గర బాగా లేస్తాయి. వానలు తగ్గుతాయి, ఎండ ముదరదు. పైగా సార్వా (వానాకాలం వరి) కోతలయ్యాక కళ్ళాల్లో, గడ్డిమేటుల చుట్టూ రాలిన గింజలు, పురుగులు తల్లీపిల్లలకి దండిగా దొరుకుతాయి, మేత ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. కార్తీకంలో ఒక్కటే భయం, తుఫాను. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుఫానును చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. వాయుగుండం కబురు వింటే గంపను పాకలోంచి పక్కా గదిలోకి మార్చేయండి. రాత్రి పూట, పెట్టతో సహా, మెల్లిగా.

వైశాఖం ఎండల్లో కూర్చున్న పెట్టకు ఏడెనిమిది గుడ్లకు మించి పెట్టొద్దు. ఎండకి అది మాటిమాటికీ లేస్తుంది. శ్రావణ, భాద్రపదాల్లో తడి, దోమలు, లంక గ్రామాలకైతే వరద. ఆ రోజుల్లో లేచిన పిల్లల్లో చాలా వరకు పోతాయి. మానిపించడమే మేలు.

గుడ్లు ఎంచడం

దీనిమీద కొంచెం ఎక్కువ ఓపిక పెట్టండి, ఎందుకంటే చెడ్డ గుడ్డును ఏ పెట్టా బాగుచెయ్యలేదు.

దొడ్లో పుంజు తిరుగుతూ ఉండాలి. ఎనిమిది, పది పెట్టలకు ఒక చురుకైన పుంజు చాలు. పందెం కోసం గాబు పక్కన కట్టేసి ఉంచిన పుంజుతో లెక్క కుదరదు, అది పెట్టలతో కలిసి తిరగాలి. కిరాణా కొట్లో కొన్న తెల్ల గుడ్లలో జీవం ఉండదు, పుంజు మొహమే చూడని కోళ్ళు పెట్టినవి అవి. ఫ్రిజ్‌లో పెట్టిన నాటు గుడ్లూ పొదగడానికి పనికిరావు.

గుడ్డు వయసు వారం దాటకూడదు. ఎండాకాలంలో మూడు, నాలుగు రోజులకే ఆపేయండి. మే నెలలో మన ఇళ్ళల్లో గది వేడికే లోపల పిండం పెరగడం మొదలై, సగంలో ఆగి చచ్చిపోతుంది. పైకి గుడ్డు బాగానే కనపడుతుంది, ఇరవై ఒక్క రోజులూ పెట్ట కష్టం మాత్రం వృథా. పోగేసే గుడ్లను చల్లటి మూల, ఊక పోసిన బుట్టలో సన్నపు కొన కిందికి వచ్చేలా నిలబెట్టి ఉంచండి. ఏ రోజు గుడ్డో పెన్సిల్‌తో తేదీ వేయండి. స్కెచ్ పెన్ను, మార్కర్ వద్దు.

మరీ చిన్నవి, మరీ పెద్దవి, కోలగా సాగినవి, గుండ్రంగా బంతిలా ఉన్నవి పక్కన పెట్టేయండి. రెండు గుడ్లను మెల్లగా ఒకదానికొకటి తాకించి వినండి. బాగున్నవి టంగుమంటాయి, బీట ఉన్న గుడ్డు మొద్దుగా మోగుతుంది. రెట్ట అంటితే పొడి గుడ్డతో తుడవండి, కడగొద్దు. కడిగితే పెంకు మీద పొర పోయి, కన్నాల్లోంచి మురికి లోపలికి దిగుతుంది.

ఎన్ని పెట్టాలి? మామూలు నాటు పెట్టకు పది, పన్నెండు. గుడ్లన్నీ దాని రెక్కల కింద దాగాలి, అంచున ఒక్కటి బయటికి కనిపించినా ఎక్కువైనట్టే. పెట్ట గుడ్లను తిప్పుతూ చోటు మారుస్తుంది కాబట్టి, బయట పడ్డ ఆ ఒక్కటే కాదు, రోజుకొకటి చొప్పున అన్నీ చలికి దెబ్బతింటాయి. పదిహేను పెట్టి ఆరు లేపుకునే బదులు పది పెట్టి తొమ్మిది లేపుకోండి. బేసి లెక్కలో పెట్టాలని పెద్దవాళ్ళంటారు, పెట్టండి, పదకొండు మంచి లెక్కే. ఉరుములకు గుడ్లు చెడతాయని గంపలో ఇనప మేకో, బొగ్గుముక్కో, ఎండుమిరపకాయో వేస్తారు. వేస్తే నష్టం లేదు. మేకు మాత్రం గడ్డి అడుగున వేయండి, గుడ్డుకు గుచ్చుకోకుండా.

గంప, చోటు

వెదురు గంపైనా, తట్టైనా, పాత ప్లాస్టిక్ టబ్బైనా సరే, పెట్ట హాయిగా తిరిగేంత వెడల్పు, గుడ్లు దొర్లిపోనంత లోతు ఉండాలి. అడుగున రెండంగుళాల మందాన పొడి ఇసుకో మట్టో పోసి మధ్యలో కాస్త గుంట చేయండి. దానిమీద గుప్పెడు బూడిద, ఎండిన వేపాకు, వావిలాకు చల్లి, పైన నలిపి మెత్తబరిచిన వరిగడ్డి పరవండి. కొబ్బరి పీచు వాడొద్దు, పెట్ట కాళ్ళకీ పిల్లల కాళ్ళకీ చుట్టుకుంటుంది.

పెట్టను గంపలో పెట్టే ముందు తిరగేసి పట్టుకుని రెక్కల కింద, ముడ్డి చుట్టూ ఈకలు విడదీసి చూడండి. సన్నగా పాకే పేలు, ఈక మొదట్లో తెల్లటి గుడ్ల గుత్తులు ఉంటే ఆ రోజే సంగతి తేల్చాలి. మూడు వారాలు కదలకుండా కూర్చునే పెట్ట మీద పేలు విరగబడతాయి. భరించలేక పెట్ట గుడ్లు వదిలేసి పోతుంది, లేదా లేచిన పిల్లల తలల మీదికి అవే ఎక్కి వాటిని పీడిస్తాయి. బూడిద, వేపాకు పొడి తక్కువ పేలకు పనిచేస్తాయి. ఎక్కువగా ఉంటే పశువుల ఆసుపత్రిలో అడిగి కోళ్ళకు వాడే మందే తెచ్చుకోండి. పొలంలో కొట్టే పురుగుమందు నీళ్ళలో కలిపి ముంచారా, పెట్టే మిగలదు.

గంపను జనం తిరగని, మసక వెలుతురుండే మూల పెట్టండి. మన నేలల్లో తేమ కింద నుంచి వస్తుంది కనుక నేలమీద కాకుండా అరుగు మీదో, నాలుగు ఇటుకల మీదో ఉంచండి. పందికొక్కు, పాము ఎక్కే చోట్లు చూసుకోండి. ధాన్యం బస్తాలున్న గదిలో పెడితే ఎలుకలు, ఎలుకల వెనక జెర్రిపోతు తప్పవు. జెర్రిపోతుకు విషం లేదు గానీ గుడ్లు ఉంచదు.

గుడ్లు రాత్రి పూటే వేయండి. చీకట్లో పెట్టను కొత్త గంపలోకి మార్చి, ఒక్కొక్క గుడ్డూ రొమ్ము కిందికి జరపండి. పొద్దున్నకి అది అక్కడే పుట్టినట్టు కూర్చుని ఉంటుంది. అన్ని గుడ్లూ ఒకేసారి వేయాలి. రోజుకొకటి కలుపుతూ పోతే మొదటి పిల్ల లేవగానే పెట్ట దిగిపోతుంది, మిగతావి పోతాయి. గుడ్లన్నిటి మీద గుర్తు వేసి ఉంచితే, వేరే పెట్ట దూరి కొత్త గుడ్డు పెట్టినా తెలిసిపోతుంది, తీసేయొచ్చు.

ఇరవై ఒక్క రోజులు

రోజుకోసారి, ఒకే వేళకి పెట్టను దిగనివ్వండి. వడ్లు, జొన్నలు లాంటి గట్టి గింజలు, మంచినీళ్ళు, పక్కనే బూడిద మట్టి కలిపిన గుంట. పదిహేను నిమిషాల నుంచి అరగంట చాలు, దానంతట అదే వెనక్కి పోతుంది. తవుడు ముద్దలు, అన్నం పెడితే రెట్ట పలచనై గంపలోనే వేస్తుంది. కొన్ని పెట్టలు తిండి మానేసి అలాగే కూర్చుంటాయి. వాటిని మీరే ఎత్తి బయట పెట్టాలి. ఎత్తేటప్పుడు రెక్కల సందులో గుడ్డు ఇరుక్కుందేమో ముందు వేలితో తడిమి చూడండి.

ఏడో రోజు రాత్రి ఒకసారి గుడ్లు చూడండి. గదిలో లైటు ఆర్పి, సెల్‌ఫోన్ టార్చి మీద గుడ్డు వెడల్పు వైపు ఆనించండి. లోపల నల్లటి చుక్క, దాని చుట్టూ సాలీడు కాళ్ళలా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉంది. లోపల ఏమీ లేకుండా తేటగా వెలుగుతుంటే జీవం లేని గుడ్డు, తీసేయండి. నరాలు లేకుండా ఎర్రటి గీత గుండ్రంగా చుట్టుకుని కనిపిస్తే పిండం చచ్చినట్టు, అదీ తీసేయాలి. అనుమానంగా ఉన్నవాటిని ఉంచి, పద్నాలుగో రోజు ఇంకోసారి చూడండి. అప్పటికి బాగున్న గుడ్డు, వెడల్పు కొనలో ఉండే గాలి గది తప్ప మిగతాదంతా నల్లగా ఉంటుంది. ఇంతే, ఈ రెండుసార్లు చాలు. వాసన వచ్చే గుడ్డు మాత్రం ఏ రోజైనా వెంటనే తీసేయండి, గంపలో పగిలితే మొత్తం చెడుతుంది.

చివరి రోజుల్లో గుడ్లను గోరువెచ్చటి నీళ్ళలో వేసి కదులుతున్నాయా అని చూడడం కొందరికి అలవాటు. అప్పటికే పిల్ల పెంకును పొడిచి సన్న చిల్లు చేసి ఉంటే నీళ్ళు లోపలికి పోయి మునిగి చస్తుంది. చూసి తెలుసుకునేది కూడా ఏమీ లేదు, ఎలాగూ రెండు రోజుల్లో లేస్తాయి. మానేయండి.

పద్దెనిమిదో రోజు నుంచి చెయ్యి పెట్టొద్దు. ఇరవయ్యో రోజుకి పెట్ట కింద సన్నగా కిచకిచలు వినిపిస్తాయి, పెట్ట కూడా గొంతు మార్చి బదులిస్తుంది. పెంకు మీద మొదటి చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి పన్నెండు గంటల నుంచి ఒక రోజు పట్టొచ్చు. టెన్షన్ పడి పెంకు ఒలవకండి. పొర లోపలి రక్తనాళాలు ఇంకా ఎండవు, పచ్చసొన ఇంకా కడుపులోకి పూర్తిగా పోదు. ఒలిస్తే నెత్తురు కారి చస్తుంది. వెంటనే నూకలు పెట్టాలన్న ఆత్రమూ వద్దు. ఆ పచ్చసొనతోనే పిల్ల రెండు రోజులు ఉండగలదు. ఆలస్యంగా లేచేవాటి కోసం పెట్ట కూర్చునే ఉండగలిగేది అందుకే. ఇరవై రెండో రోజు దాటాక కదలిక, చప్పుడు లేని గుడ్లు తీసి పాతిపెట్టేయండి.

బాతు గుడ్లు కూడా ఇలాగే కోడి కింద వేసుకోవచ్చు, అవి లేవడానికి ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది. కోడి గుడ్లతో కలిపి వేయొద్దు. బాతుపిల్లలు కాలవలో దిగి ఈదుతుంటే పెట్ట గట్టు మీద అటూ ఇటూ పరిగెడుతూ పెట్టే గోల చూడ్డానికి తమాషాగా ఉంటుంది.

మొదటి నెల

తల్లీపిల్లల్ని పాత గడ్డిలోంచి తీసి పొడి చోటికి మార్చండి. మొదటి వారం పెట్టను పెద్ద వెదురు గంప కింద మూసి, పైన రాయి పెట్టి ఉంచడం మన దగ్గర మామూలే. పిల్లలు సందుల్లోంచి బయటికీ లోపలికీ తిరుగుతాయి, పెట్ట దూరం పోదు కాబట్టి అవీ పోవు. నీళ్ళు లోతు లేని మూకుట్లో పోసి గులకరాళ్ళు వేయండి. కొబ్బరి చిప్ప లోతే అయినా చాలు, రోజుల పిల్ల మునగడానికి.

మేతగా మొదటి రెండు రోజులు సన్న నూకలు, విరిచిన చోళ్ళు (రాగులు) చాలు. ఆ తర్వాత కూడా ఒట్టి నూకలతోనే నెట్టుకొస్తే పిల్లలు పెరగవు, కాళ్ళు పడిపోతాయి, రెక్కలు వేలాడతాయి. బజార్లో దొరికే పిల్లల దాణా, స్టార్టర్ అని అడిగితే ఇస్తారు, నెల రోజులైనా నూకల్లో కలిపి పెట్టండి. కొనలేకపోతే చెదపురుగులు పెంచండి: కుండలో తడిపిన గడ్డి, పేడ కూరి, చెదలున్న గట్టు మీద బోర్లించి వదిలేస్తే ఒకటీ రెండు రోజుల్లో నిండుతుంది. కొబ్బరి తోటలున్నవాళ్ళకి ఇంకో సదుపాయం ఉంది. పెంటకుప్ప తవ్వితే తెల్లగా, లావుగా కొమ్ముపురుగు పిల్లలు బయటపడతాయి. పెట్ట వాటిని ముక్కలు చేసి, పిలిచి మరీ పిల్లలకి పెడుతుంది. పెద్దయ్యాక చెట్టు మొవ్వు తొలిచే పురుగు ముందే కోడి కడుపులోకి పోతే తోటకీ మంచిదే.

ఉప్పు చేపల తలకాయలు, ఊరగాయ కలిసిన అన్నం, కూర అడుగులు పిల్లలకు వేయొద్దు. కోడిపిల్ల ఉప్పును తట్టుకోలేదు. పులుసు మెతుకులు తిన్న పిల్లలు విపరీతంగా నీళ్ళు తాగి, తూలి పడి చస్తాయి. అది చూసి తెగులనుకుంటారు.

కాకి, గద్ద, పిల్లి, ముంగిస. మొదటి మూడు వారాల్లో పోయే పిల్లల్లో చాలా వాటిని ఇవే ఎత్తుకుపోతాయి. చేపల చెరువుల దగ్గర పాత వలలు చవగ్గా దొరుకుతాయి, కొన్నిసార్లు ఊరికే ఇస్తారు. కొబ్బరి మట్టల దడి కట్టి, పైన ఆ వల కప్పితే కాకి, గద్ద దిగలేవు. వల నేలదాకా వేలాడకుండా చూడండి, పిల్లల మెడలు చిక్కుకుంటాయి. రాత్రికి గూడు తలుపు మూయడం ఒక్క రోజు కూడా మరవద్దు. దాళ్వా (రెండో పంట వరి) చేలో పురుగుమందు కొట్టిన రోజు, ఆ తర్వాత కొన్నాళ్ళూ పిల్లల్ని అటు వదలకండి.

పెట్ట మధ్యలో చచ్చిపోతే అట్టపెట్టెలో ఊక పోసి 60 వాట్ల పాత రకం బల్బు వేలాడదీయండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగే ఇస్తుంది, వేడి ఇవ్వదు. పిల్లలన్నీ బల్బు కింద కుప్పగా చేరితే చలేస్తోందని, మూలలకు పోయి నోరు తెరిస్తే వేడెక్కువైందని. బల్బును కిందికీ పైకీ జరిపి సరిచేసుకోండి.

టీకాలు

కొక్కెర తెగులు (రాణిఖేత్) వస్తే దొడ్డి మొత్తం ఖాళీ అవుతుంది. పచ్చగా పారడం, నోరు తెరిచి గాలి పీల్చడం, మెడ వంకర తిరగడం, ఇలాంటివి కనిపించాక చేసేదేమీ లేదు, మందు లేదు. టీకా ఒక్కటే దారి. ఏడో రోజుకి ఎఫ్1 లేదా లసోటా టీకా కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగో వారంలో లసోటా మళ్ళీ, ఎనిమిది నుంచి పది వారాల మధ్య ఆర్‌2బి సూది. దోమలు ఎక్కువున్న చోట బొబ్బ రోగం టీకా కూడా ఆరేడు వారాలకి వేయించండి, ఆ రోగం ఎక్కువగా దోమలతో పాకుతుంది.

చిక్కేమిటంటే ఒక్కో సీసా కనీసం వంద కోళ్ళకు సరిపోతుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, అప్పటిదాకా ఐసులో ఉండాలి. పది పిల్లల కోసం సీసా తెరిపించడం కష్టం. అందుకే వీధిలో కోళ్ళున్న నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి ఒక రోజు అనుకుని, ఊళ్ళో పశుసంవర్ధక సహాయకుణ్ణి సాయంత్రం చల్లబడ్డాక రమ్మనండి. అప్పటికే నలతగా ఉన్న పిల్లకు వేయించొద్దు.

మూడో వారం నుంచి రెట్టలో రక్తం, ఈకలు ముడుచుకుని కూర్చోవడం కనిపిస్తే అది వేరే జబ్బు, రక్తపారుడు. దీనికి మందుంది, నీళ్ళలో కలిపి తాగించాలి, ఆలస్యం చేయకుండా పశువుల డాక్టర్ని అడగండి. తడి ఊక తీసి పొడిది వేయకపోతే మందిచ్చినా మళ్ళీ వస్తుంది.

ఒకేసారి చాలా కోళ్ళు పోతే దాచిపెట్టకండి. 2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో బర్డ్ ఫ్లూ అని తేలింది. చచ్చిన కోడిని కాలవలో విసిరేసే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. అదే నీళ్ళు కింది ఊళ్ళ కోళ్ళూ, బాతులూ తాగుతాయి. ఆసుపత్రికి కబురు చేసి, వాళ్ళు చెప్పినట్టు లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పాతిపెట్టండి.

పిల్లల్ని వేరు చేయడం

ఆరు నుంచి ఎనిమిది వారాలకి పెట్టే పిల్లల్ని పొడిచి తరమడం మొదలెడుతుంది, కొన్నాళ్ళకి మళ్ళీ గుడ్లకొస్తుంది. తొందరగా గుడ్లు కావాలంటే, రాత్రుళ్ళు చలి లేకపోతే, నెల దాటాక మీరే వేరు చేసి పిల్లల్ని వెచ్చటి గూట్లో ఉంచవచ్చు. ఇంకో ఉపాయం, రెండు పెట్టలకి ఒకే రోజు గుడ్లు వేయడం. పిల్లలు లేచిన రాత్రే రెండో దాని పిల్లల్ని కూడా మొదటి దాని కింద దూర్చేస్తే, పెట్ట పెద్దదైతే పదిహేను దాకా సాకుతుంది, రెండోది త్వరగా గుడ్లకొస్తుంది. పగటి పూట కలిపితే మాత్రం రంగు తేడా చూసి పరాయి పిల్లను పొడిచి చంపే పెట్టలు ఉంటాయి.

మూడు నెలలకి పుంజులు కొట్టుకోవడం మొదలెడతాయి, వాటికి వేరే గూడు చూడండి. పందెం జాతి పిల్లలైతే ఇంకా ముందే. బాగా పొదిగి, పిల్లల్ని పోగొట్టకుండా పెంచిన పెట్ట కాలికి రంగు దారం కట్టి గుర్తుంచుకోండి, పండక్కి చుట్టాలొచ్చినప్పుడు కూరకి పట్టేవాళ్ళకు అది కనపడాలి.